మతిమరుపు పరీక్ష వీడియోలో జరుగుతుంటే పక్కనున్నవాళ్లు నోరు మెదపకండి

పోయిన సంచికలో పెద్దవాళ్ల మతిమరుపు గురించి రాస్తూ, ఇంట్లో కూర్చునే వీడియో కాల్‌లో పరీక్ష చేయించుకోవచ్చని ఒక్క ముక్క అన్నాను. ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప, ఆదోని, ప్రొద్దుటూరు, అందరి టెన్షనూ దాదాపు ఒకటే, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. నేను మందులు రాసే డాక్టర్ని కాను, సైకాలజిస్టుని. కర్నూలులో ఒక న్యూరాలజిస్టు దగ్గర ఈ పరీక్షలు చేయడమే నా పని, ఎదురుగా కూర్చోబెట్టీ చేస్తాను, వీడియోలోనూ చేస్తాను. ఫలానా మాత్ర ఎంత వేయాలి అని అడిగినవాళ్లకు ఇక్కడ జవాబు దొరకదు, ఏమీ అనుకోకండి.

మేడమ్, మాది అనంతపురం, నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. అమ్మకు 71. ఏడాది పైనుంచి అడిగిందే అడుగుతోంది. మొన్న ఉగాదికి ఓలిగలు చేస్తూ పూర్ణంలో బెల్లం వేయడం మర్చిపోయింది. ఇక్కడి ఆసుపత్రిలో అడిగితే ముందు వీడియోలో అరగంట పరీక్ష చేస్తాం, ఆ తర్వాత తీసుకురండి అన్నారు. ఫోన్లో చూసి మెదడు సంగతి ఎట్లా చెప్తారు? డబ్బుల కోసమేనా ఇదంతా?

ఆసుపత్రివాళ్ల మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ పరీక్ష మాత్రం ఉత్తుత్తిది కాదు. ఇదేమీ మెదడును ఫొటో తీసేది కాదు కదా, మాట్లాడించి, గుర్తుపెట్టుకోమని చెప్పి, లెక్క చేయించి, పేర్లు అడిగి చూసేది. 1975లో వచ్చిన ఎంఎంఎస్‌ఈ, 2005లో కెనడాలో మాంట్రియల్ నుంచి వచ్చిన మోకా, ఈ రెండూ ఎక్కువగా వాడతారు, రెండూ 30 మార్కులవే. కాగితం, పెన్సిలు, అడగడానికి ఒక మనిషి ఉంటే చాలు. ఆ అడిగే మనిషి ఇప్పుడు ఫోన్లో కనపడుతున్నారు, అంతవరకే తేడా. వీడియోలో వచ్చిన స్కోర్లనూ ఎదురుగా చేస్తే వచ్చిన స్కోర్లనూ పోల్చి చూసిన పరిశోధనలు చాలానే ఉన్నాయి. నోటి మాటతో అయిపోయే భాగాల్లో, అంటే నాలుగైదు పదాలు చెప్పి కాసేపయ్యాక అడగడం, అంకెలు తిరగేసి చెప్పించడం, నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు వస్తాయో చూడడం, ఇట్లాంటివాటిలో రెండూ దగ్గరదగ్గరగానే వస్తున్నాయి.

చిక్కంతా చేత్తో చేసేవాటి దగ్గర. గడియారం బొమ్మ గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించమంటాం. గీశాక కాగితం కెమెరాకు చూపిస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. ముందు 12, 3, 6, 9 పెట్టుకుని మిగతావి నింపారా, లేక 1 నుంచి వరసగా రాసుకుంటూ పోతే 8 దగ్గరికే చుట్టు తిరిగిపోయి చోటు అయిపోయిందా, 10 నిమిషాలు అనగానే ముల్లు పోయి 10 అంకె మీద పెట్టారా, ఇదంతా గీస్తున్నప్పుడు చూడాలి. ఫోను ముఖానికి పెడితే చెయ్యి కనపడదు, చేతికి పెడితే ముఖం కనపడదు. అందుకే ఇంట్లో రెండో ఫోను ఉంటే దాన్ని కాగితం వైపు పెట్టమంటాను. ఊరికే చెంబుకు ఆనించి పెడతారు, పది నిమిషాలకు అది జారిపోయి నాకు ఫ్యానూ, పెద్దావిడ నుదురూ తప్ప ఏమీ కనపడదు. ఒక గట్టి పుస్తకాల దొంతరకు ఆనించి, కింద తువ్వాలు పెట్టండి, జారదు.

ఇంకో సంగతి. "మీరిప్పుడు ఎక్కడున్నారు, ఎన్నో అంతస్తు" లాంటి ప్రశ్నలు ఆసుపత్రిలో అడగడానికి రాసుకున్నవి. ఇంట్లో ఉన్న మనిషిని అడిగితే "మా ఇంట్లో" అంటుంది, మార్కు వేయక తప్పదు, కానీ ఆ మార్కుకు అంత విలువ లేదు. అదే సమయంలో ఇల్లు మంచిది కూడా. తెల్లారకముందే లేచి, బస్సెక్కి, టోకెను పట్టుకుని, ఎండలో నిలబడి, తిండి తినీ తినక లోపలికొచ్చిన మనిషికి "100లోంచి 7 తీసేయండి" అంటే వచ్చే జవాబు ఆ మనిషిదా, ఆ అలసటదా? సొంత మంచం మీద, సొంత అద్దాలు పెట్టుకుని, కాఫీ తాగి కూర్చున్నప్పుడు చేసిందే నాకు నిజానికి దగ్గరగా అనిపిస్తుంది.

అయితే ఈ వీడియో మీ అమ్మకు బెంగళూరు ప్రయాణం తప్పిస్తుందని అనుకోవద్దు. ఎప్పుడు రావాలి, ఎంత తొందరగా రావాలి అన్నది తేలుతుంది, అంతే. చేతులు కాళ్లు బిగుసుకున్నాయా అన్నది పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. బీ12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, లోపల డిప్రెషన్ ఉన్నా అచ్చం మతిమరుపులాగే కనపడతాయి, వాటికి మందుంది. రక్తపరీక్షలు అనంతపురంలోనే చేయించి రిపోర్టులు ముందే పంపేయండి. స్కాను కావాలో వద్దో డాక్టరు చెప్తారు. మతిమరుపు మందు మొదలుపెట్టాల్సి వస్తే ముందు నాడి, ఈసీజీ చూడమని అడగండి, ఆ రకం మందుల్లో గుండె వేగం తగ్గించేవి ఉన్నాయి. ఇక ఈ పద్ధతి చెల్లుతుందా అంటే, 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది, దేశంలో రిజిస్టరైన డాక్టరు ఏ ఊళ్లో ఉన్న రోగినైనా వీడియోలో చూడొచ్చు, చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, వీడియోలో తేలదు అనిపిస్తే నేరుగా రమ్మనాలి. మిమ్మల్ని తీసుకురమ్మన్నారంటే వాళ్లు పద్ధతిగానే ఉన్నట్టు.

ఆ బెల్లం సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి. ఏళ్ల తరబడి ఓలిగలు చేసిన మనిషి చేతికి అలవాటైన పనిలో తడబడింది అంటే, ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు వచ్చాయన్నదాని కన్నా అది నాకు ఎక్కువ పనికొస్తుంది. కాల్‌కు ముందు ఇట్లాంటివి నాలుగైదు, ఎప్పుడు జరిగాయో వేసి, కాగితం మీద రాసుకోండి. అమ్మ ముందు చదవొద్దు, మాకు విడిగా చెప్పండి.

70 దాటితే చాదస్తం మామూలే కదండీ. దీనికి కూడా పరీక్షలా? (కడప)

చెప్పిందే చెప్పడం వయసుతో కొంత ఉంటుంది. డిమెన్షియా, అంటే రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా మతి తగ్గిపోయే జబ్బు (అల్జీమర్స్ అందులో ఒక రకం), వయసుతో మామూలుగా వచ్చేది కాదు. లాసీ-డాడ్ అని దేశమంతటా చేసిన సర్వే లెక్కన 60 దాటినవాళ్లలో 100కి 7.4 మందికి ఉందని అంచనా, అంటే 88 లక్షల మంది. చిన్న సంఖ్య కాదు, నిజమే. కానీ దాన్ని తిరగేసి చూడండి, 100లో 92 మందికి పైగా లేదు. వయసుతో అందరికీ వచ్చేదే అయితే లెక్క ఇట్లా ఉండదు.

అక్కా, మాది నంద్యాల దగ్గర పల్లె. మా అత్తకు 76 ఏండ్లు, బడి మొఖం చూడలేదు. మా మరిది హైదరాబాదు నుంచి ఎవరితోనో మాట్లాడి వీడియోలో పరీక్ష పెట్టించినాడు. 30కి 16 వచ్చింది, అల్జీమర్స్ మాదిరి ఉందన్నారంట. మా అత్త ఇప్పటికీ కూలోళ్లకు ఎవరికెంత ఇయ్యాల్నో నోటి మీద చెప్తుంది. ఏ జిల్లా అంటే కర్నూలు అనింది, దానికి తప్పు వేసినారు. పెట్టె బొమ్మ గీయమంటే నాకు చేతగాదు పోండి అనింది. ఇదేం పరీక్షో మాకు అర్థం కాలేదు.

చెల్లీ, ఈ ఉత్తరాలన్నిట్లో నన్ను ఎక్కువసేపు ఆపింది మీదే.

ముందు జిల్లా సంగతి. నంద్యాల జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. డెబ్బై ఏళ్లు కర్నూలు జిల్లా అన్న నోరు ఆ రోజు నుంచి నంద్యాల అనాలంటే ఎట్లా? ధర్మవరం పెద్దవాళ్లు ఇప్పటికీ అనంతపురం జిల్లా అనే అంటారు, శ్రీ సత్యసాయి జిల్లా అని చెప్పేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ అత్త పుట్టేనాటికి ఇది మద్రాసు రాష్ట్రం, 1953లో ఆంధ్ర రాష్ట్రమైంది, మూడేళ్లు మన కర్నూలే రాజధాని, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో అదీ రెండైంది. ఉన్న అరుగు మీద నుంచి కదలకుండానే ఆమెకు ఇన్ని చిరునామాలు మారాయి. ఈ ప్రాంతంలో పరీక్ష చేసేవాళ్లు పాత జిల్లా పేరు చెప్తే మళ్లీ ఒకసారి అడగాలి, "కొత్తగా ఏదో పెట్టినారంట కదా అవ్వా" అనాలి. "అవునవును, నంద్యాల" అంటే అయిపోయింది. హైదరాబాదులో కూర్చుని కాగితం మీదున్న జవాబుతో సరిచూసేవాళ్లకు ఇది తట్టదు. తేదీ కూడా అంతే. ఇంగ్లీషు తేదీ అడిగితే తెల్లమొహం వేసే అవ్వ అమావాస్య ఎన్ని రోజులుందో ఠక్కున చెప్తుంది.

ఇక 16 సంగతి. మోకా లాంటి పరీక్షలో 26 వస్తే మామూలు అన్న గీత బడికి పోయినవాళ్లను చూసి గీసింది. 12 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఒక మార్కు కలపమన్నారు, ఆ ఒక్క మార్కు అసలు పలకే పట్టనివాళ్లకు ఏ మూలకు? పెన్సిలు పట్టని చేతితో పెట్టె బొమ్మ గీయించడం, ఎన్నడూ చూడని ఖడ్గమృగం బొమ్మ చూపించి పేరు చెప్పమనడం, ఇవి ఆమె మతిని కొలవవు, ఆమెను బడికి పంపలేదన్న సంగతినే మళ్లీ చెప్తాయి. ఈ బాధ మన దేశంలో పాతదే. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ల కోసం ఎంఎంఎస్‌ఈని మార్చి 1995లో ఒక హిందీ పరీక్ష చేశారు. చదివి కళ్లు మూసుకోమనే బదులు "నా మొఖం చూసి నేను చేసినట్టు చేయండి" అని అందులో పెట్టారు. మోకాలోనే చదువు తక్కువవాళ్లకు వేరే రకం ఉంది, మోకా బేసిక్ అంటారు. కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ తెలుగుతో సహా ఐదు భాషల్లో ఒక పరీక్షల సంచి తయారుచేయించింది. హైదరాబాదు నిమ్స్‌లో కూడా ఏసీఈ అనే పరీక్షను తెలుగువాళ్లకు తగ్గట్టు మార్చి వాడారు. అందుకని మీ మరిదిని మూడు అడగమనండి: ఏ పరీక్ష చేశారు, తెలుగులో తయారైనదా లేక ఇంగ్లీషుది అప్పటికప్పుడు నోటితో మార్చి అడిగారా, చదువుకోనివాళ్లకు ఎన్ని మార్కుల గీత పెట్టుకున్నారు. మూడోదానికి జవాబు రాకపోతే ఆ 16ను పక్కన పడేయండి.

పక్కన పడేయమన్నానని అత్తకు ఏమీ లేదని నేను అనడం లేదు. కూలి లెక్క ఎన్నో ఏళ్ల అలవాటు, పాత అలవాట్లు చాలాకాలం నిలబడతాయి. కొత్తవాటిలో చూడండి. నిన్న ఇంటికి ఎవరొచ్చారో చెప్పగలుగుతుందా, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం ఈమధ్య ఎక్కువైందా, సంగటి కెలుకుతూ మధ్యలో ఏం చేస్తున్నానో మర్చిపోయి నిలబడిపోతుందా, చేను నుంచి ఇంటికి దారి తప్పిందా, చీర కట్టుకోవడంలో వరస తప్పుతోందా. రోజువారీ పనుల మీద ఇంట్లోవాళ్లను అడిగే ప్రశ్నావళులు విడిగా ఉన్నాయి, చదువురాని పెద్దవాళ్ల విషయంలో నేను వాటినే ఎక్కువ నమ్ముతాను. వీటిలో రెండు మూడు నిజమైతే కర్నూలు పెద్దాసుపత్రికి ఒకసారి తీసుకురండి. అన్నీ బాగుంటే, ఆ రోజు నెట్ ఆగి ఆగి వచ్చిందా, అత్తకు కళ్లద్దాలు ఉన్నాయా, ఇవి కనుక్కున్నాకే మళ్లీ పరీక్ష మాట.

మా ఆయనకు పరీక్ష జరిగేటప్పుడు నేను పక్కన కూర్చుని కొంచెం అందించొచ్చా? పాపం తడుముకుంటుంటే చూడలేను. (కడప)

వద్దమ్మా.

నాకు తెలీదనుకుంటారు గానీ అంతా కనపడుతుంది. "ఈ రోజు ఏ వారం" అంటాను, ఆయన కళ్లు కెమెరా మీద నుంచి పక్కకు జరుగుతాయి, ఒక క్షణం ఆగుతాయి, "గురువారం" అని జవాబొస్తుంది. ఆ పక్కన ఎవరో పెదాలు కదిపారు. కొందరు వేళ్లు చూపిస్తారు. కొందరు ఏకంగా "అదే అండీ, పొద్దున చెప్పాను కదా" అని గట్టిగానే అంటారు, పాపం ఆయనకు అప్పుడు ఇంకా అవమానం. మీరు అందించిన రెండు మూడు మార్కుల వల్ల ఏమవుతుందంటే, బాగానే ఉన్నారని రాసేస్తాం, ఇంకో ఏడాది గడిచిపోతుంది. ఆ ఏడాదిలో బీ12 ఇంజెక్షన్లతోనో, చెవి మిషన్‌తోనో, వేసుకుంటున్న నిద్రమాత్ర ఆపడంతోనో తేలికపడాల్సింది ముదిరిపోతుంది. ప్రేమకొద్దీ చేసే పనే ఇది, నేను చూసే తప్పుడు స్కోర్లలో ఎక్కువభాగం దీనివల్లే వస్తాయి.

ఆయనకు ఫోను పెట్టి, కనెక్టు అయ్యాక, గది బయట కూర్చోండి. పిల్లలు లోపలికి రాకుండా, టీవీ కట్టేసి, వీలైతే ఫ్యాను కూడా కాసేపు ఆపండి, దాని గాలి మైకులో పడితే నా మాట వినపడదు. గోడ మీద క్యాలెండరు తిప్పి పెట్టండి, గడియారం ఆయనకు ఎదురుగా ఉంటే తీసేయండి. కిటికీ ఆయన వెనకాల ఉండకూడదు, ముఖం నల్లగా పడుతుంది.

మా నాయన మొన్నటిదాకా బాగున్నాడు, 74 ఏండ్లు. రెండు రోజుల నుంచి అడ్డదిడ్డంగా మాట్లాడుతున్నాడు, రాత్రంతా లేచి తిరుగుతాడు, పగలు మబ్బుగా పడుకుంటాడు. గోడ మీద ఎవరో ఉన్నారంటాడు. వీడియో పరీక్షకు ఎప్పుడు టైమిస్తారు? (ప్రొద్దుటూరు)

ఈ ఉత్తరం చేతికందగానే ఫోన్ చేసి చెప్పించాం, ఇట్లా ఉన్న ఇంకెవరికైనా పనికొస్తుందని ఇక్కడా వేస్తున్నాను. దీనికి వీడియో వద్దు, టైమూ వద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. డిమెన్షియా నెలలు, ఏళ్ల మీద వస్తుంది. రెండు రోజుల్లో మనిషి మారిపోయాడంటే ఒంట్లో ఇంకేదో ఉంది: మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నెమ్ము, ఒంట్లో సోడియం పడిపోవడం, ఎండకు నీళ్లు తాగక ఎండిపోవడం, షుగరు మరీ తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి తాగుడు మానేయడం. కొన్ని వారాల కింద కిందపడి తలకు తగిలి ఉంటే లోపల మెల్లగా రక్తం చేరి ఇట్లా అవుతుంది, అప్పుడు తలకు స్కాను తప్పనిసరి. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా గంటలు కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. వేసుకుంటున్న మందుల చీటీలన్నీ, నాటుమందు ఉంటే అది కూడా, సంచిలో వేసుకుని పోండి.

మా నాయన రిటైరైన మాస్టరు, 79. ఇంట్లో కన్నడ, బయట తెలుగు. చెవుడు బాగా ఉంది, మిషన్ కొనిస్తే పెట్టుకోడు. పరీక్ష అనగానే "నాకేమన్నా పిచ్చా" అని ఫోను విసిరినాడు. ఎట్లా ఒప్పించాల? ఏ భాషలో చేయించాల? (ఆదోని)

మాస్టరు గారు కదా, జీవితమంతా పరీక్షలు పెట్టిన మనిషి, ఇప్పుడు తనకే పెడతామంటే కోపం రాదా? ఆటలని, క్విజ్ అని అబద్ధం చెప్పి కూర్చోబెట్టొద్దు, మధ్యలో కనిపెడతారు, ఆ తర్వాత ఎవరినీ నమ్మరు. "బీపీ చూపించుకుంటావు కదా నాయనా, ఇదీ అట్లాంటిదే, మతి ఎట్లుందో ఒకసారి రాసిపెట్టుకుంటారు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. మొదటిసారి పరీక్షే పెట్టను నేను. పది నిమిషాలు ఆయన బడి గురించి, ఏ ఊళ్లలో పనిచేశారో, వర్షాలెట్లున్నాయో మాట్లాడతాను. ఆ మాటల్లోనే సగం తెలిసిపోతుంది, మాట మధ్యలో దారి తప్పుతున్నారా, పేర్లకు తడుముకుంటున్నారా అని.

చెవి సంగతి తేల్చకుండా పరీక్ష పెడితే అది మతి పరీక్ష అవదు, చెవి పరీక్షే అవుతుంది. ఐదు పదాలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నామనుకోండి, అందులో రెండు వినపడనే లేదు, వినపడనిది గుర్తెట్లా ఉంటుంది? నెట్ తెగినప్పుడు మాట మింగేసినా ఇదే గోల. మిషన్ పెట్టుకోకపోతే కనీసం మంచి హెడ్‌ఫోన్ పెట్టండి, ఫోను స్పీకరు కన్నా నయం. పదాలు నేను పెద్ద అక్షరాలతో రాసి కూడా చూపిస్తాను, అట్లా చూపించానని రిపోర్టులో రాస్తాను. అన్నట్టు, వినికిడి తగ్గినా పట్టించుకోకపోవడం కూడా డిమెన్షియాను పెంచేవాటిలో ఒకటి. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇట్లాంటివి 14 లెక్కపెట్టి, వాటిని సరిచేసుకుంటే ప్రపంచంలో సుమారు 45 శాతం కేసులు తప్పించడమో వాయిదా వేయడమో సాధ్యమేనంది. మిషన్ పెట్టుకోమని నాయనకు చెప్పడానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి? కానీ మీరు చెప్తే వినరు, ఆయన వయసు స్నేహితుడెవరైనా మిషన్ పెట్టుకుంటే వాళ్లతో చెప్పించండి.

భాష: డబ్బులు లెక్కపెట్టుకునేటప్పుడు ఆయన నోట్లో ఏ భాష వస్తుందో అందులో. కన్నడ, తెలుగు కలిపి మాట్లాడితే కలిపే తీసుకోవాలి, జంతువుల పేర్లు సగం అందులో సగం ఇందులో చెప్పినా మార్కులు పోకూడదు. రెండు భాషలు మంచివే కూడా. నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను చూసి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో చెప్పింది, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువుకోనివాళ్లలోనూ ఆ తేడా కనపడిందని. ఆదోనిలో రెండు కాదు, ఉర్దూతో కలిపి మూడు మాట్లాడేవాళ్లు వీధివీధికీ ఉంటారు.

వీడియో అంటే అసలే కుదరదంటే మామూలు ఫోన్ కాల్ మీద చేసే రకాలూ ఉన్నాయి. మోకాలోనే బొమ్మలు తీసేసి 22 మార్కులకు చేస్తారు. కానీ చెవుడున్నవాళ్లకు అది అందరికన్నా చివరి దారి.

యూట్యూబులో ఈ పరీక్ష ప్రశ్నలన్నీ ఉన్నాయి. ముందే నేర్పించొచ్చా? ఫోన్లో మెమరీ గేమ్ యాప్‌లో అమ్మకు 90 శాతం వస్తోంది, అంటే బాగున్నట్టేనా? (తాడిపత్రి)

నేర్పిస్తే మార్కులు వస్తాయి, మీకు అమ్మ సంగతి తెలీకుండా పోతుంది. ఒకే పరీక్ష వెంటవెంటనే పెట్టినా స్కోరు పెరుగుతుందనే మోకాకు వేర్వేరు పదాలతో ప్రత్యామ్నాయ పేపర్లు చేశారు. ఇక ఆ యాప్, అమ్మ రోజూ ఆడుతుంటే ఆ ఆటలో ఆరితేరింది, మంచిదే. నిన్నటి మందు వేసుకుందో లేదో గుర్తుందా అని అడగండి.

మేడమ్, మా పెద్దాయనకు 82. పొలం మా పేరున రాయాలనుకుంటున్నాడు. మా చిన్నాయన కొడుకులు ఆయనకు మతి లేదని గొడవ పెడుతున్నారు. వీడియోలో పరీక్ష చేసి మతి బాగుందని సర్టిఫికెట్ ఇస్తారా? రికార్డింగ్ కూడా కావాలి. (గుత్తి)

ఇవ్వను. నేనే కాదు, ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసే ఎవరూ ఇవ్వరు. ఆ గదిలో ఆయన వెనకాల ఎవరు నిలబడ్డారో, ఎవరి ఒత్తిడి ఉందో నాకు ఫోన్లో తెలీదు. పైగా చట్టం అడిగేది ఆ 30 మార్కుల లెక్క కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చూసేది, ఆ కాగితం రాసే సమయంలో అది ఏమిటో, దానివల్ల తనకు వచ్చే మంచిచెడ్డలేమిటో ఆయన అర్థం చేసుకుని ఆలోచించగలరా అని. 22 మార్కులు వచ్చిన మనిషికి తన పొలం ఎవరికి పోతుందో బ్రహ్మాండంగా తెలిసి ఉండొచ్చు, 27 వచ్చిన మనిషిని ఎవరైనా భయపెట్టి సంతకం పెట్టించొచ్చు. ముందు లాయర్ని కలవండి. ఆయన చెప్తే నేరుగా డాక్టరు దగ్గర పరీక్ష చేయించండి, గదిలో మీరు లేకుండా. రికార్డింగ్ పెద్దాయన ఒప్పుకుంటేనే, ఎందుకో ఆయనకు చెప్పాకే, అదీ వైద్యం కోసమే. మీ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడానికి కాదు. ఆయన్ను ఎవరైనా వేధిస్తున్నారంటే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఆయన్నే మాట్లాడనివ్వండి.

ఒకసారి వీడియోలో చేయించాం, పర్వాలేదన్నారు. మళ్లీ ఎప్పుడు? ఈసారి ఆసుపత్రికి పోవాలా, ఇంట్లోనేనా? (కర్నూలు)

పర్వాలేదన్నా ఇంట్లోవాళ్లకు అనుమానం ఉంటే ఆరు నెలలకు, అనుమానం తీరిపోతే ఏడాదికి. ఎక్కడ చేయించినా ఫరవాలేదు గానీ మార్చి మార్చి చేయించకండి. మొదటిది వీడియోలో అయితే రెండోదీ వీడియోలోనే, అదే భాషలో, వీలైతే అదే మనిషితో, అదే పూట. పొద్దున పదింటికి చేసినదాన్ని సాయంత్రం ఆరింటికి చేసినదాంతో పోల్చితే, చీకటి పడేసరికి తికమకపడే పెద్దవాళ్లలో లేని తేడా కనపడుతుంది. ఒకటి రెండు మార్కులు తగ్గితే గుండెలు బాదుకోవద్దు, ముందురోజు నిద్ర లేకపోయినా అంత తేడా వస్తుంది. పాత రిపోర్టు దాచి ఉంచండి, మొత్తం మార్కులు కాదు, ఏ ప్రశ్నకు ఎంత వచ్చిందో ఉన్న కాగితం. అది ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.